రాత్రి రెండింటికి ఏది లేపాలి? రిమోట్ మానిటరింగ్ యూనిట్‌తో నా అనుభవం

"సార్, ఇది ఎక్విప్‌మెంట్ రూమా, కొలిమా?"

సోమవారం పొద్దున్నే మా సైట్ టెక్నీషియన్ ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. తలుపు తీయగానే వేడి గాలి ముఖాన కొట్టిందట. శనివారం సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ఏసీ మాత్రం మళ్లీ స్టార్ట్ కాలేదు. మనుషులుండని టెలికాం గది, మా ఆఫీసు నుంచి రెండు గంటల ప్రయాణం. వేడికి తట్టుకోలేక రెండు నెట్‌వర్క్ స్విచ్‌లు ఆదివారం అర్ధరాత్రి తమంతట తామే ఆగిపోతే గానీ మాకు సంగతి తెలియలేదు. ఒక రోజుకు పైగా ఆ గది ఉడుకుతూనే ఉంది. మేమేమో హాయిగా ఆదివారం గడిపాం.

ఆ వారమే పైవాళ్లు రిమోట్ మానిటరింగ్ యూనిట్ ఒకటి తెప్పించారు. గదిలో ఏం జరుగుతోందో కనిపెట్టి దూరంగా ఉన్న మాకు చెప్పే యంత్రం. పరికరాలు బిగించే ర్యాక్‌లో పట్టే సన్నటి పెట్టె. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆర్‌టీయూ అంటారు. వెనకాల ఎనిమిది డిజిటల్ ఇన్‌పుట్లు (ఉందా లేదా అని చెప్పేవి), నాలుగు అనలాగ్ ఇన్‌పుట్లు (ఎంతుందో కొలిచేవి), టెంపరేచర్ సెన్సర్ల గొలుసుకి ఒక పోర్టు, రెండు రిలేలు (కరెంటుతో నడిచే స్విచ్‌లు), సిమ్ పెట్టడానికి ఒక గాడి. కాన్ఫిగర్ చేసే పని నా మీద పడింది. సెన్సర్లు బిగించడం, నాలుగు నంబర్లు టైప్ చేయడం, ఒక పూట పని అనుకున్నాను. మొత్తం సద్దుకునేసరికి రెండు నెలలు దాటింది. అందులో వైర్లకు పట్టింది రెండు రోజులే.

లాగిన్ దగ్గరే నలభై నిమిషాలు పోయాయి. యూనిట్‌కి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఐపీ అడ్రస్ 192.168.1 సిరీస్‌లోది. ల్యాప్‌టాప్‌కి అదే సిరీస్‌లో ఒక నంబరిచ్చి కేబుల్ పెట్టాను. పేజీ రాదు. కేబుల్ మార్చాను, బ్రౌజర్ మార్చాను, యూనిట్‌ని రెండుసార్లు ఆపి ఆన్ చేశాను. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లో వైఫై ఆన్‌లోనే ఉంది. ఆ వైఫైది కూడా అదే సిరీస్. నేను పంపిన రిక్వెస్టులన్నీ అటు పోతున్నాయి. వైఫై ఆపిన మరుక్షణం లాగిన్ పేజీ వచ్చేసింది. పక్కన టెక్నీషియన్ ఉన్నాడు కాబట్టి, ఇదంతా మామూలే అన్నట్టు మొహం పెట్టాను.

తర్వాత డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చాను. ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాలని నెట్‌వర్క్ మీద నుంచి గమనించే పద్ధతి) రెండో వెర్షన్‌లో పాస్‌వర్డ్‌లా పనిచేసే కమ్యూనిటీ పేరు 'పబ్లిక్' అని ఉంటే దాన్ని ఆపి మూడో వెర్షన్ పెట్టాను. పాత వెర్షన్లలో ఆ పేరు నెట్‌వర్క్ మీద ఏ ముసుగూ లేకుండా వెళ్తుంది, దారిలో ఎవరైనా చదివేయొచ్చు. ఈ రెండూ చేయకుండా ముందుకెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంతకంటే దీని గురించి చెప్పేదేమీ లేదు.

ముందు టెంపరేచర్ సెన్సర్లు మొదలుపెట్టాం. మాకొచ్చినవి డీఎస్18బీ20 రకం. మూడు సెన్సర్లూ ఒకే తీగ మీద వరసగా కూర్చుంటాయి. ప్రతిదానికీ పుట్టుకతోనే 64 బిట్ల గుర్తింపు నంబరుంటుంది, యూనిట్ దాన్ని బట్టే ఏది ఏదో పోల్చుకుంటుంది. స్క్రీన్ మీద మూడు పొడవాటి నంబర్లు కనిపించాయి గానీ ఏ నంబరు ఏ సెన్సరుదో వాటి మీద రాసి లేదు. టెక్నీషియన్ ఒక సెన్సర్‌ని అరచేతిలో గట్టిగా పట్టుకున్నాడు. నేను స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. మూడింటిలో ఒకటి 24 నుంచి మెల్లగా 29కి ఎక్కింది. దానికి పేరు పెట్టి, తీగ మీద స్టిక్కర్ అంటించి, రెండోది పట్టుకోమన్నాను. ఇంతకంటే మంచి పద్ధతి నాకిప్పటికీ తెలియదు.

సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. మొదట ఒకటి ఏసీ కింద గోడకి పెట్టాను, మేకు అక్కడే ఉంది కాబట్టి. అది నిక్షేపంగా 19 చూపిస్తోంది. ఎందుకు చూపించదు, చల్లగాలి నేరుగా దాని మీదే పడుతోంది. అదే సమయంలో ర్యాక్ ముందు, పై అరలో చేత్తో పట్టుకున్న థర్మామీటర్ 27 చూపించింది. వేడి గాలి పైకి చేరి, ర్యాక్ మీదుగా మళ్లీ ముందుకి తిరిగొస్తోంది. డేటా సెంటర్లకి ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) వాళ్లు సూచించే 18 నుంచి 27 డిగ్రీలన్నది గది గోడకి చెప్పిన లెక్క కాదు, పరికరం గాలి పీల్చుకునే చోట ఉండాల్సిన లెక్క. కాబట్టి ఒక సెన్సర్ ర్యాక్ ముందు పై అరలో, ఒకటి ముందు కింద, ఒకటి బ్యాటరీల దగ్గర పెట్టాం. గోడ మీది మేకు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

తర్వాత డిజిటల్ ఇన్‌పుట్లు. తలుపు, కరెంటు ఉందా లేదా, జనరేటర్ నడుస్తోందా, రెండు ఏసీలు, రెక్టిఫయర్ (కరెంటుని డీసీగా మార్చి బ్యాటరీలని ఛార్జ్ చేసేది), నేల మీద నీళ్లు, పొగ. ఇవన్నీ డ్రై కాంటాక్టులే. అంటే వైర్లో వాళ్ల వైపు నుంచి వోల్టేజీ ఏమీ రాదు, ఒక స్విచ్ మూసుకుంటుంది లేదా తెరుచుకుంటుంది, అంతే. ఇందులో కష్టమేముంది అనుకుంటాం. ఉంది. అది నార్మల్లీ ఓపెనా (ఎన్‌ఓ, మామూలుగా తెరుచుకుని ఉండేది), నార్మల్లీ క్లోజ్డా (ఎన్‌సీ, మామూలుగా మూసుకుని ఉండేది) అన్నదే కష్టం.

మా రెక్టిఫయర్ అలారం టెర్మినళ్ల మీద ఎన్‌ఓ, ఎన్‌సీ, కామన్ అని శుభ్రంగా రాసుంది. మాకు మామూలుగా మూసుకుని ఉండి, ఫాల్ట్ వస్తే తెరుచుకునేది కావాలి. ఎన్‌సీకీ కామన్‌కీ వైర్ ఇచ్చాను. యూనిట్ వెంటనే ఎర్ర లైటు వేసింది. రెక్టిఫయర్ చూస్తే బంగారంలా పనిచేస్తోంది. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (సర్క్యూట్ మూసుకుని ఉంటే బీప్ కొట్టేలా) పెట్టి టెర్మినళ్ల మీద ప్రోబ్‌లు ఆనించాను. ఎన్‌సీ దగ్గర బీప్ లేదు, ఎన్‌ఓ దగ్గర బీప్ వస్తోంది. లేబుల్ తప్పు వేశారని కాసేపు తయారీవాళ్లని తిట్టుకున్నాను. తప్పు వాళ్లది కాదు. ఆ పేర్లు రిలేకి కరెంటు లేనప్పటి స్థితికి పెట్టినవి. ఈ రెక్టిఫయర్‌లో అంతా బాగున్నప్పుడు రిలేకి కరెంటిచ్చి పట్టి ఉంచుతారు, ఫాల్ట్ వస్తే వదిలేస్తారు. రెక్టిఫయర్ మొత్తంగా చచ్చిపోయినా రిలే దానంతటదే పడి అలారం ఇచ్చేలా చేసిన ఏర్పాటు అది. మంచి పద్ధతే. కాకపోతే లేబుళ్లు చదివి వైర్లిచ్చేవాడికి అంతా తలకిందులుగా కనబడుతుంది. అప్పట్నుంచి లేబుల్ నమ్మడం మానేసి మీటర్ బీప్‌నే నమ్ముతున్నాను.

టెక్నీషియన్ మాత్రం, "ఇంత తంటా ఎందుకు సార్, మామూలుగా తెరుచుకుని ఉండేదే పెట్టేద్దాం" అన్నాడు. ఆ తంటా ఎలుకల కోసం. మామూలుగా తెరుచుకుని ఉండే సర్క్యూట్‌లో వైర్ తెగిపోతే యూనిట్‌కి తేడా తెలియదు, తెరుచుకునే ఉంది కదా, అంతా బాగుందనుకుంటుంది. మూసుకుని ఉండే సర్క్యూట్ తెగితే వెంటనే అలారం వస్తుంది. "అన్నా, వైర్ తెగిందని కూడా మనకి తెలియాలి కదా" అన్నాను. ఆయన తలుపు వెనక కేబుల్ ట్రే వైపు చూసి, "అవును సార్, అక్కడ ఎలుక పెంటికలున్నాయి" అన్నాడు. ఆ రోజే ట్రేకి మూత వేయించాం.

నేను చేసిన అసలైన ఘనకార్యం బ్యాటరీ వోల్టేజీ దగ్గర. టెలికాం పరికరాలకి మైనస్ 48 వోల్టుల సప్లై ఉంటుంది, ప్లస్ వైపు ఎర్త్ చేస్తారు. 24 లెడ్ యాసిడ్ సెల్స్, ఒక్కోటి రెండు వోల్టులు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు సెల్‌కి 2.25 చొప్పున మైనస్ 54 దగ్గర తేలుతుంటుంది. సెల్‌కి 1.8 చొప్పున మైనస్ 43.2కి వచ్చేసరికి బ్యాటరీ పాడవకుండా లోడ్‌ని కట్ చేసేస్తాం. ఆ లోపే మాకు తెలియాలి కాబట్టి మైనస్ 46 దగ్గర అలారం పెట్టాలనుకున్నాను. 'లో థ్రెషోల్డ్' (విలువ ఈ గీత కిందికి దిగితే అలారం) అన్న చోట మైనస్ 46 అని కొట్టి సేవ్ చేశాను. వెంటనే మేజర్ అలారం. బ్యాటరీ మైనస్ 54.1 దగ్గర నిండుగా ఉంది.

స్కూల్లో నంబర్ లైన్ బాగానే నేర్పారు, నేనే మర్చిపోయాను. మైనస్ 54 మైనస్ 46 కంటే చిన్నది. యూనిట్ లెక్క ప్రకారం విలువ థ్రెషోల్డ్ కంటే కిందే ఉంది, అలారం ఇచ్చింది, దాని తప్పేం లేదు. నేను పెట్టిన సెట్టింగు అలాగే ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపూ మొత్తుకుని, ఖాళీ అయ్యే వేళకి 'అంతా సవ్యం' అని మెసేజ్ పంపి ఊరుకునేది. 'హై థ్రెషోల్డ్'కి (విలువ గీత పైకి వెళ్తే అలారం) మార్చాను. దానితో పాటే మైనస్ 52 దగ్గర ఇంకో మైనర్ అలారం పెట్టాను. అక్కడికి దిగిందంటే ఛార్జింగ్ పోయి బ్యాటరీ మీద నడుస్తున్నట్టే. ఆ లోపల ఎంత బ్యాకప్ ఉందో చూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

డీజిల్ ట్యాంక్ సెన్సర్ 4 నుంచి 20 మిల్లీయాంపుల రకం. ఖాళీ అయితే 4, నిండితే 20. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు మొదలవుతుందో నాకు పుస్తకంలో కంటే ఒక రోజు స్క్రీన్ మీద బాగా అర్థమైంది. ట్యాంకులో డీజిల్ మైనస్ 25 శాతం ఉందని చూపించింది. ఖాళీ ట్యాంకు కంటే పాతిక శాతం తక్కువ డీజిల్ అంటే ట్యాంకు మాకే బాకీ పడిందన్నమాట. విషయం ఏమిటంటే సెన్సర్ వైర్ ఊడి కరెంటు సున్నా అయింది. 16 మిల్లీయాంపుల పరిధిలో 4 తక్కువంటే సరిగ్గా మైనస్ పాతిక. ఖాళీ ట్యాంకు వేరు, తెగిన వైరు వేరు అని చెప్పడానికే ఆ నాలుగు. 3.6 మిల్లీయాంపుల కంటే తగ్గితే 'డీజిల్ తక్కువ' అని కాకుండా 'సెన్సర్ ఫాల్ట్' అని రావాలని ఇంకో గీత గీశాను.

ఇలా అన్నీ కలిపి, శుక్రవారం సాయంత్రం ఎస్ఎంఎస్‌లు ఆన్ చేసి ఇంటికెళ్లాను. సోమవారం పొద్దుటికి నా ఫోన్లో 212 మెసేజ్‌లు.

శుక్రవారం రాత్రి మొదటి పదీ లేచి చూశాను. తర్వాత ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఇక్కడే నా పని మొత్తం దండగ అయిందని నాకు శనివారానికి అర్థమైంది. ఏసీ మళ్లీ ఆగినా ఆ 212లో ఒకటిగా వచ్చి పడేది, నేను చూసేవాణ్ని కాదు. ఒక్క మెసేజ్ కూడా రాని పాత రోజులకీ దీనికీ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే అప్పుడు నాకు నిద్రైనా ఉండేది.

సోమవారం ఆ 212నీ ప్రింట్ తీసి కూర్చున్నాం. సగానికి పైగా ఒకే జంట: టెంపరేచర్ ఎక్కువ, టెంపరేచర్ నార్మల్. నేను గీత 27 దగ్గర పెట్టాను. ఏసీ కంప్రెసర్ ఆగినప్పుడు 27.1, అందుకున్నప్పుడు 26.9. గీతకి అటోసారి ఇటోసారి, వెళ్లినప్పుడొక మెసేజ్, వచ్చినప్పుడొక మెసేజ్. దీనికి మందు హిస్టరిసిస్. అలారం ఒక చోట మోగాలి, దానికి బాగా కింద ఇంకో చోట గానీ ఆరకూడదు. 28 దగ్గర మోగి, 26కి దిగితేనే క్లియర్ అయ్యేలా మార్చాను. పైగా ఐదు నిమిషాలు ఆపకుండా 28 పైన ఉంటేనే మైనర్. 32 దాటితే ఒక్క నిమిషమే ఆగి మేజర్.

ఆ జాబితాలో ఒక విచిత్రం కూడా దొరికింది. శనివారం రాత్రి ఒకసారి, తెల్లవారుజామున రెండుసార్లు, ర్యాక్ పై అరలో సరిగ్గా 85.0 డిగ్రీలు. పది సెకన్ల తర్వాత 24. నిప్పంటుకుని పది సెకన్లలో ఆరిపోయే ర్యాక్ ఉండదు. మూడుసార్లూ పాయింట్ తర్వాత సున్నాతో సహా అదే అంకె రావడం చూసి అనుమానమొచ్చింది. డీఎస్18బీ20కి పవర్ వచ్చిన వెంటనే దాని మెమరీలో ఉండే విలువ 85. నిజమైన కొలత పూర్తవడానికి ముప్పావు సెకను దాకా పడుతుంది. ఆ లోపల అడిగితే ఉన్నదే చెబుతుంది. అంటే సెన్సర్‌కి పవర్ పోయి వస్తోంది. టెర్మినల్ దగ్గర చూస్తే స్క్రూ వైర్ రాగి మీద కాక ప్లాస్టిక్ తొడుగు మీద బిగిసి ఉంది. బిగించింది నేనే. డిలే (అలారం మోగేముందు ఆ కాసేపు ఆగడం) ఉంటే ఈ 85 మెసేజ్‌లు రావు, నిజమే. కానీ డిలే పెట్టేసి అంతటితో ఊరుకుంటే ఆ లూజు వైరు ఎప్పటికీ బయటపడేది కాదు. ముందు స్క్రూ విప్పి సరిగ్గా బిగించి, ఆ తర్వాతే డిలే పెట్టాను.

మిగిలినవాటికి ఒక కాగితం మీద గీతలు కొట్టాం. ప్రతి అలారానికీ మూడే ప్రశ్నలు: ఇది వస్తే ఎవరు వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి, ఎంతసేపట్లో వెళ్లాలి. మొదటిది 'తలుపు తెరుచుకుంది'. టెక్నీషియన్ నవ్వాడు. "పగలు తలుపు తీసేది నేనే కదా సార్, నేను తీసి నాకే మెసేజా?" పగలు అది లాగ్‌లోకి వెళ్తే చాలు, రాత్రి పది నుంచి ఆరు దాకా మాత్రం మోగాలని రాసుకున్నాం. తేమ ఎక్కువైందని వస్తే ఏం చేస్తారని అడిగితే ఆయన, "ఏం చేస్తాం సార్, చూస్తాం" అన్నాడు. చూడ్డానికే అయితే గ్రాఫ్ ఉంది. తేమకి ఎస్ఎంఎస్ తీసేశాను.

ఇది మేం కనిపెట్టిన జ్ఞానమేమీ కాదని తర్వాత చదివితే తెలిసింది. రిఫైనరీల్లాంటి ప్రాసెస్ పరిశ్రమల్లో అలారాల నిర్వహణకి 2009లోనే ఐఎస్ఏ (ఆటోమేషన్ నిపుణుల సంస్థ) నుంచి ఐఎస్ఏ 18.2 అని ఒక ప్రమాణం వచ్చింది. మనిషి స్పందించాల్సిన అవసరం లేనిది అసలు అలారమే కాదని దాని మూలసూత్రం. దాని వెనకున్న చరిత్ర చిన్నది కాదు. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడు జరిగింది. దానికి ముందు చివరి 11 నిమిషాల్లో కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. రెండు రోజుల్లో 212కే నేను ఫోన్ నోరు నొక్కేశాను. వాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

గుంపుగా వచ్చేవాటికి వేరే వైద్యం. కరెంటు పోతే మా గదిలో ఒక్కటి కాదు ఆరు అలారాలు లేస్తాయి: కరెంటు లేదు, రెక్టిఫయర్ ఆగింది, ఏసీ ఒకటి, ఏసీ రెండు, బ్యాటరీ మీద నడుస్తోంది, జనరేటర్ స్టార్టయింది. ఆరూ కలిసి చెప్పేది ఒకటే సంగతి. పైగా జనరేటర్ దానంతటదే అందుకుంటే ఎవరూ లేవాల్సిన పనే లేదు. యూనిట్‌లో రెండు మూడు ఇన్‌పుట్లని కలిపి ఒక అలారం తయారు చేసుకునే వీలుంది. కరెంటు పోయి మూడు నిమిషాలైనా జనరేటర్ అందుకోకపోతేనే ఫోన్ మోగుతుంది. ఆ సమయంలో మిగిలిన ఐదూ లాగ్‌లో రాసుకుంటాయి గానీ నోరెత్తవు. నేను పెట్టిన సెట్టింగులన్నిట్లో ఎక్కువ నిద్ర మిగిల్చింది ఇదే.

మెసేజ్‌లో ఏం రాయాలన్నది కూడా ఒక ముచ్చటే. యూనిట్ పంపేది 'డీఐ 3 యాక్టివ్' అని, అంటే మూడో డిజిటల్ ఇన్‌పుట్ మోగిందని. నిద్రలో లేచినవాడికి డీఐ 3 అంటే ఏం తెలుస్తుంది? టెక్నీషియన్ తెలుగులో వస్తే బాగుంటుందన్నాడు. సరేనని తెలుగులో టైప్ చేసి పంపిస్తే ఆయన ఫోన్లో వరసగా ప్రశ్నార్థకాలు దిగాయి. మా యూనిట్‌కి తెలుగు లిపి రాదు. వచ్చినా ఇంకో చిక్కుంది: ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. అందులోనూ గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. 'క్కి' అని రాస్తే నాలుగు ఖర్చు. చివరికి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాం, ఫోన్లలో అందరం రాసుకునేట్టు. 'ఏసీ 2 ఆగింది, వెళ్లి బ్రేకర్ చూడండి' అని. ఏమైందో, ఏం చేయాలో రెండూ అందులోనే.

ఆ తర్వాత ఒక రోజంతా టెస్టింగ్‌కి పెట్టాం. నాకు ఈ భాగం ఇష్టం. హెయిర్ డ్రైయర్‌తో సెన్సర్‌ని వేడి చేయడం, నీళ్ల సెన్సర్ తాడు మీద తడిగుడ్డ వేయడం, మెయిన్ బ్రేకర్ దించడం. బ్యాటరీని నిజంగా ఖాళీ చేయలేం కాబట్టి గీతనే మైనస్ 55కి జరిపి చూసి, మళ్లీ మైనస్ 46కి తెచ్చాను. తెచ్చానని కాగితం మీద టిక్ కూడా పెట్టుకున్నాను, ఎందుకంటే టెస్ట్ కోసం మార్చిన నంబరు అలాగే ఉండిపోవడం ఈ పనిలో అందరికీ జరిగేదే. ఏసీ ఒకటి ఆపితే 'ఏసీ 2 ఆగింది' అని వచ్చింది, వైర్లు తారుమారు. మొదటి మనిషి పదిహేను నిమిషాల్లో స్పందించకపోతే రెండో మనిషికి వెళ్లే కాల్ ఆరు నెలల కిందట వేరే విభాగానికి బదిలీ అయిన ఒకాయనకి వెళ్లింది. ఆయన పాపం ఎత్తి మర్యాదగా, "నాకెందుకు చెబుతున్నారు?" అని అడిగాడు. లాగ్ తెరిస్తే ఆ రోజు జరిగినవన్నీ 1970 జనవరి 1న జరిగినట్టున్నాయి. బ్రేకర్ దించినప్పుడు యూనిట్ రీస్టార్ట్ అయి గడియారం సున్నాకి పోయింది. టైమ్ సర్వర్‌ని అడుగుదామంటే ఫైర్‌వాల్‌లో ఆ సర్వర్‌ని చేరే దారి, యూడీపీ 123 పోర్టు, మూసి ఉంది. దాన్ని తెరిపించి, యూనిట్ పవర్ వైర్‌ని కూడా బ్యాటరీ వైపుకి మార్చాను. కరెంటు పోతే చెప్పాల్సిన యూనిట్‌నే కరెంటు మీద నడిపాను మరి.

ఇక ఆ తర్వాత మూడు వారాలు ప్రశాంతం. ఒక్క మెసేజ్ లేదు. నేను సెట్ చేశానంటే అలా ఉంటుందని లోపల్లోపల పొంగిపోయాను కూడా. ఇరవై రెండో రోజు ఏదో పని మీద వెబ్ పేజీ తెరిస్తే అందులో తొమ్మిది అలారాలు వరసగా ఉన్నాయి, ప్రతిదాని పక్కనా 'పంపలేకపోయాం' అని. సిమ్ వ్యాలిడిటీ అయిపోయింది. రీఛార్జ్ చేయించాల్సింది ఎవరన్నది మేమెవరం రాసుకోలేదు. ఆ తొమ్మిదింటిలో పెద్దవేమీ లేకపోవడం మా అదృష్టం.

రోజూ పొద్దున ఎనిమిదింటికి 'బతికే ఉన్నాను' అని ఒక మెసేజ్ పెడదామని టెక్నీషియన్ సలహా. పెట్టాం. వారం తర్వాత నిన్న వచ్చిందా అని అడిగితే ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. వచ్చినదాన్ని మనిషి గమనిస్తాడు, రానిదాన్ని గమనించడు. ఆ పని మెషీన్‌కి అప్పగించాను. ఆఫీసులో ఉన్న సర్వర్ ఐదు నిమిషాలకోసారి యూనిట్‌ని పలకరిస్తుంది, మూడుసార్లు వరసగా పలక్కపోతే మాకు ఫోన్ చేస్తుంది. సిమ్ సంగతి కూడా ఆ సర్వరే చూస్తుంది: రోజుకొకసారి యూనిట్ దానికి ఎస్ఎంఎస్ పంపాలి, రాకపోతే అలారం. యూనిట్ నుంచి సర్వర్‌కి ఎస్‌ఎన్‌ఎంపీలో వెళ్లే అలారం మెసేజ్‌లని కూడా ట్రాప్‌ల నుంచి ఇన్‌ఫామ్‌లుగా మార్చాను. ట్రాప్ ఒకసారి పంపి మర్చిపోతుంది, చేరిందో లేదో దానికి అక్కర్లేదు. ఇన్‌ఫామ్ అయితే అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది.

పోయిన నెలలో ఒక రాత్రి 2:40కి ఫోన్ మోగింది. 'నేల మీద నీళ్లు, ఏసీ 1 వైపు చూడండి.' నేను లేచేసరికే టెక్నీషియన్ బయల్దేరాడు, ఆయనిల్లు సైట్‌కి దగ్గర. ముప్పై నిమిషాల తర్వాత ఫోటో పంపాడు. ఏసీ డ్రెయిన్ పైపు పూడుకుపోయి నీళ్లు నేల మీదికి పొంగాయి. సెన్సర్ తాడు దాటుకుని బ్యాటరీ స్టాండ్ కాలి దాకా వచ్చాయి, కేబుల్‌కి నాలుగు వేళ్ల దూరంలో ఆగాయి.

"సార్, దీనికి డిలే ఎంత పెట్టారు?" అని అడిగాడు.

ఐదు నిమిషాలు. నేల తుడిచినప్పుడల్లా మోగుతోందని ఆయనే గోల పెడితే పెట్టాను. ఆ సంగతి గుర్తుచేశాను.

"తుడిచే రోజు నేనే ముందు మీకు ఫోన్ చేసి చెప్తాను. ఆ ఐదు నిమిషాలు తీసేయండి సార్."

పది సెకన్లకి తగ్గించి, సేవ్ కొట్టి పడుకున్నాను.